ఎర్ర మూత సూది, ఆరెంజ్ మూత సూది: మా మెడికల్ వార్డులో ఒక కేసు

నేను తిరుపతిలో ఒక హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని. పదమూడేళ్లు అవుతోంది, అందులో ఎనిమిదేళ్లు మెడికల్ వార్డులోనే. ఇన్సులిన్ సూది దగ్గర జరిగిన పొరపాటు గురించిన ఈ కేసు రాయమని మా వార్డు డాక్టర్ సార్ అడిగి చాలా రోజులైంది, రాయాలంటే నా సంతకం ఉన్న కాగితం గురించే రాయాలి కాబట్టి వాయిదా వేస్తా వచ్చా. చివరికి ఆ పేషెంట్ అమ్మనే అడిగా, "రాయి పాపా, ఇంకొకరికి ఇట్లా కాకుంటే చాలు" అంది. పేరు రాయను, ఊరు రాయను, వయసూ ఇంటి వివరాలూ కొన్ని అటూ ఇటూ మార్చా. హాస్పిటల్ పేరు కూడా అక్కర్లేదు, ఇందులో జరిగింది ఏ వార్డులోనైనా జరగొచ్చు.

మొదటి అడ్మిషన్

పేషెంట్ 57 ఏళ్ల ఆవిడ, పలమనేరు దగ్గర పల్లె. రెండు ఆవులు, అరెకరం టమాటా. షుగర్ ఉందని ఏడేళ్ల కిందటే తెలుసు, మాత్రలు కొన్నాళ్లు వేసుకోవడం కొన్నాళ్లు మానేయడం. టమాటా తోటలో ఊతకర్ర చీలిక ఎడమ పాదంలో దిగింది, అప్పటికే అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయి ఉంది కాబట్టి నొప్పి తెలియలేదు, పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని పది రోజులు గడ్డి కోసుకుంటానే తిరిగింది. వాసన వచ్చాక ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఆ పక్క వాళ్లకి ఏదైనా పెద్ద జబ్బు వస్తే వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోదామా తిరుపతికి పోదామా అనే మాట ఎప్పుడూ ఉంటుంది, వీళ్లు గవర్నమెంట్ ఉచిత వైద్యం స్కీమ్ కార్డు ఉంది కదా అని మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా మా దగ్గరికి వచ్చారు.

వచ్చినప్పుడు షుగర్ 428, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 11.6, జ్వరం. సర్జరీ వాళ్లు చెడిపోయిన కండ తీసేసి క్లీన్ చేశారు, యాంటీబయాటిక్స్ పెట్టారు, 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ మెల్లగా పనిచేసేదీ కలిపిన రకం) మొదలుపెట్టారు. తొమ్మిదో రోజుకి ఫాస్టింగ్ షుగర్ 130ల్లోకి వచ్చింది, పుండు ఎర్రగా ఆరోగ్యంగా కనపడతా ఉంది, కాలు నిలబడింది. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 10 యూనిట్లు రాసి డిశ్చార్జ్ చేశారు. అంతవరకు చూస్తే ఇది మేం గర్వంగా చెప్పుకునే కేసు.

పెరటాసి శనివారం

నాలుగు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది, ఈసారి 108లో ముందు దగ్గరి గవర్నమెంట్ ఆస్పత్రికి, అక్కడ నుంచి మా దగ్గరికి. జరిగింది కోడలు చెప్పింది, ఆమె చెప్పినట్టే రాస్తున్నా.

పెరటాసి నెల (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వచ్చే తమిళ నెల) మూడో శనివారం. చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరటాసి అంటే తెలిసిందే కదా, శనివారాలు ఒక్కపొద్దు, ఇంట్లో వెంకటేశ్వర స్వామికి తలిగ అనే నైవేద్యం వేయడం, గోవింద నామాలు, తలిగ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా తాగని వాళ్లు ఉంటారు. ఈమె పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క పెరటాసి శనివారం తప్పలేదు. ఆ రోజు కూడా పొద్దున ఏడున్నరకి కోడలు సూది వేసింది, వేసి ఇద్దరూ వంటలో పడ్డారు. పదకొండు దాటాక తలిగ వేసి కర్పూరం వెలిగించే టైంకి ఈమె ఒళ్లంతా వణుకు, చెమటలు ధారగా, కళ్లు ఒక చోట నిలవడం లేదు, నోట్లో ఏదో మాట, అర్థం కావడం లేదు. చుట్టూ ఉన్న వాళ్లు పూనకం అనుకున్నారు. స్వామి వచ్చినాడని హారతి ఇచ్చారు, గోవిందా గోవిందా అని గట్టిగా పలికారు, ఒకాయన నామం దిద్దాడు. ఇరవై నిమిషాలో అరగంటో అట్లా పోయింది. తర్వాత ఆమె పక్కకి ఒరిగిపోతే అప్పుడు ఆశా వర్కర్ వచ్చి చూసి, ఇది పూనకం కాదు షుగర్ పడిపోయింది అని 108కి ఫోన్ చేయించింది. అంబులెన్సులో చూస్తే 31. నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచి, "యాడికి పోతా ఉండాం?" అని అడిగిందంట.

31 అంటే ఏమిటో వార్డులో పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. 70 కంటే తగ్గితేనే మేం కంగారు పడతాం. ఇంకో అరగంట అట్లాగే ఉండి ఉంటే ఈ కేసు నేను ఇట్లా రాసి ఉండేదాన్ని కాదు.

ఆవిడ మా వార్డుకి వచ్చేసరికి కేస్ షీట్‌లో కొత్త ఎంట్రీ ఒకటి ఉంది. పేషెంట్ ఇన్సులిన్ వేసుకుని భోజనం చేయలేదు, సూచనలు పాటించడం లేదు, కౌన్సెలింగ్ అవసరం. రాసిన పిల్లవాడి తప్పేం లేదు, మేమందరం అట్లాగే రాస్తాం. నేను పాత ఫైలు తీశా. డిశ్చార్జ్ చెక్‌లిస్టులో "ఇన్సులిన్ వేసుకునే పద్ధతి నేర్పించాం" అనే గడిలో టిక్, "భోజనం టైం వివరించాం" అనే గడిలో టిక్, కింద సంతకం. సంతకం నాది.

లడ్డూ కవర్లో ఉన్నవి

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ కాస్త తేలికగా ఉంటే స్టూల్ లాక్కుని ఆమె బెడ్డు దగ్గర కూర్చున్నా. కోడలు కూడా ఉంది, ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో, ఇంటర్ చదివిన పిల్ల, ఏదో తప్పు చేసి దొరికినట్టు ముఖం పెట్టుకుని ఉంది. నేను ఏమీ చెప్పలేదు. "సూది ఎట్లా వేస్తావో నాకొకసారి చూపించమ్మా" అన్నా, అంతే.

ఆ పిల్ల దేవస్థానం లడ్డూ కవర్ తీసింది, తిరుపతిలో సగం మంది పేషెంట్ల రిపోర్టులు ఆ కవర్లోనే వస్తాయి, గట్టిగా ఉంటుంది కదా. అందులోంచి చిన్న మట్టి ముంత, ముంత చుట్టూ తడిగుడ్డ, లోపల ప్లాస్టిక్ కవర్లో ఇన్సులిన్ సీసా. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ముంతలో పెట్టమని ఎవరు చెప్పారని అడిగితే మా పేషెంట్ పెద్దమ్మే జవాబు చెప్పింది, పోయినసారి పక్క బెడ్డులో ఉన్న శ్రీకాళహస్తి అవ్వ నేర్పించిందంట. ఆ అవ్వ పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. కోడలు చేతులు కడుక్కుంది, సీసాని ఊపకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించింది, మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ని అట్లాగే కలపాలి, అదీ అవ్వ చెప్పిందే. గాలి బుడగ లేకుండా తీసింది. నిజం చెప్తున్నా, మా స్టూడెంట్ నర్సులు కొందరు అంత శుభ్రంగా తీయరు.

"ఇదిగో మేడం, 30 గీత. డాక్టర్ చెప్పినంతే, ఒక్క గీత ఎక్కువ లేదు తక్కువ లేదు" అంది.

ఆమె చేతిలో ఎర్ర మూత సిరంజి. సరిగ్గానే ఉంది. కానీ కవర్లో అడుగున ఇంకో రెండు వాడని సిరంజిలు కనపడ్డాయి, వాటి మూతలు ఆరెంజ్ రంగు. ఇవెక్కడివి అని అడిగా. "ముందు ఇవే వాడినాం మేడం, ఊర్లో మెడికల్ షాపులో ఇచ్చినవి. ఇవి అయిపోవచ్చినాయని మొన్న డ్రెస్సింగ్‌కి వచ్చినప్పుడు మీ కింద షాపులో కొనుకున్నాం, అక్కడ ఈ ఎర్ర మూతవి ఇచ్చినారు." నాకు అక్కడే కాళ్లు చల్లబడ్డాయి.

ఇన్సులిన్ వాడే ఇంట్లో ఎవరున్నా ఈ లెక్క ఒకసారి చదవండి. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా యూ-40, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దానికి సిరంజి కూడా యూ-40 ఉండాలి, అది ఎర్ర మూత. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లు యూ-100, ఒక ఎంఎల్‌లో 100 యూనిట్లు, యూ-100 సిరంజికి ఆరెంజ్ మూత. రెండు సిరంజిలూ చూడటానికి ఒకేలా సన్నగా ఉంటాయి, రెండింటి మీదా 10, 20, 30 అని గీతలుంటాయి, కానీ ఆ గీతకి అర్థం వేరు. యూ-40 సీసా మందుని ఆరెంజ్ మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 20 యూనిట్లు కాదు, 8. అంటే రెండున్నర రెట్లు తక్కువ. సీసా మీద ఎంత బలం అని ఉందో సిరంజి మీద కూడా అదే ఉందా అని చూసుకోవాలి, పని అంతే, కానీ ఆ పని ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆమె కథని వెనక్కి చదివితే ఇట్లా ఉంది. వార్డులో మేం ఎర్ర మూతతో 20 యూనిట్లు ఇచ్చాం, షుగర్ దారికి వచ్చింది. ఇంటికి పోయాక ఆరెంజ్ మూతతో 20 గీత, పోయింది 8 యూనిట్లే, రాత్రి 10 గీతకి 4. రెండు వారాలకి షుగర్ 300 దాటింది. ఊరికి దగ్గరలో చూపించుకునే డాక్టర్ రిపోర్టు చూసి డోసు చాలడం లేదని పొద్దున 30, రాత్రి 16 చేశారు, ఆయన చేతిలో ఉన్న సమాచారానికి అది సరైన నిర్ణయమే. అయినా ఒంట్లోకి పోతా ఉన్నది పొద్దున 12 యూనిట్లే. షుగర్ కొంచెం దిగింది, పెద్దగా లేదు. గురువారం డ్రెస్సింగ్‌కి మా ఓపీకి వచ్చారు, ఓపీలో చీటీ చూసి ఇదే కంటిన్యూ చేయండి అన్నారు, కింద మందుల షాపులో సరైన సిరంజి ఇచ్చారు. శుక్రవారం పొద్దున మొదటిసారి నిజంగా 30 యూనిట్లు పోయింది. ఒక్క రాత్రిలో 12 నుంచి 30కి. శుక్రవారమే పశువుల కొట్టంలో ఆమెకి చెమటలు పట్టి కాళ్లు వణికాయంట, ఎండ అనుకుని గబగబా సంగటి తినేసింది, తగ్గిపోయింది. శనివారం సంగటి లేదు.

సరైన సిరంజి చేతికొచ్చిన రెండో రోజే ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది. మధ్యలో ఎంతమందిమి ఆమెని చూశాం, నేను, ఊరి దగ్గర డాక్టర్, ఓపీ, రెండు మందుల షాపులు, ఒక్కరం కూడా "సూది తీసి చూపించు" అనలేదు.

ఇంక టైం సంగతి. శనివారాలు వదిలేయండి, మామూలు రోజుల్లో కూడా ఏడున్నరకి సూది ఎందుకు వేసుకుంటున్నారని అడిగితే, "మీరు వార్డులో ఏడున్నరకే వేస్తా ఉంటిరి గదా" అంది పెద్దమ్మ. వార్డులో ఏడున్నరకి సూది, ఎనిమిదికి ఇడ్లీ. ఆమె ఇంట్లో ఐదుకి లేచి పాలు పితికి, ఆరుకి కేంద్రంలో పోసి, పేడ ఎత్తి, తోటలో నీళ్లు చూసుకుని, సంగటి ముద్ద ఊరిబిండితో నోట్లో పెట్టుకునేసరికి పదిన్నర. డిశ్చార్జ్ సమ్మరీలో భోజనానికి అరగంట ముందు అని ఇంగ్లిష్‌లో ఉంది. ఆమెకి అందింది మా గోడ గడియారం మాత్రమే. సూదికీ సంగటికీ మధ్య మూడు గంటలు, అన్నాళ్లూ ఆమెని కాపాడింది ఆ తప్పు సిరంజే.

ఆ తొమ్మిది రోజులు ఆమెకి ఎట్లా గడిచాయి

సిరంజి దొరికింది కాబట్టి కేసు తేలిపోయింది అనుకుని లేచిపోబోయా. ఎందుకో ఇంకొక మాట అడిగా, "పెద్దమ్మా, పోయినసారి ఇంటికి పోయే రోజు నేను నీకు సూది గురించి చెప్పానా?" అని. ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. "చెప్పినావు పాపా. మా పిల్లోడికి చెప్పినావు. నేను పక్కనే ఉండా. మీరు సూది గురించి చెప్తా ఉంటే నేను కాలు గురించి చెప్తారేమో అని చూస్తా ఉండా."

మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా బయటికి వచ్చింది. అడ్మిట్ అయిన మూడో రోజు పొద్దున రౌండ్స్‌లో ఆమె కాలు చూసి డాక్టర్లు వాళ్లలో వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడుకున్నారు. అదే గదిలో ఎదురు బెడ్డు ఆయనకి అంతకు ముందు రోజే పాదం తీసేశారు. రౌండ్స్‌లో వినపడిన మాటల్లో ఒకటి ఆమె ముందు రోజు ఆయన బెడ్డు దగ్గర కూడా విన్నది. ఆ మాట ఆంప్యుటేషన్, అంటే కాలు తీసేయడం. డాక్టర్లు అన్నది ఆంప్యుటేషన్ అవసరం పడకపోవచ్చు అని. ఆమెకి దొరికింది ఒక్క మాట. ఆ రోజు నుంచి ఇంటికి పోయేదాకా ఆరు రాత్రులు ఆమె కాలు తీసేస్తారని పడుకుంది. ఎవరినీ అడగలేదు, అడిగితే అవునంటారేమో అని. డ్రెస్సింగ్ మార్చడానికి ట్రే తెచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకునేది, నేను నొప్పికి భయం అనుకుని "ఏం కాదులే అమ్మా, అయిపాయె" అనేదాన్ని. అసలు ఆమె పాదంలో నొప్పే తెలియదు కదా, నొప్పికి భయం ఎక్కడిది, అది కూడా నాకు తట్టలేదు. డిశ్చార్జ్ రోజు కూడా ఇంటికి పంపి మళ్లీ పిలిచి తీసేస్తారేమో అనే ఆమె చెవులు అక్కడే పెట్టుకుని ఉంది. ఫాలోఅప్‌కి రెండు వారాలకి రావాలి అన్న మాట ఒక్కటీ బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తారీకుకి కాలు తీస్తారని అనుకుంది. అందుకే ఆ తారీకుకి రాకుండా ఇంకో పది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఫైలులో దానికి కూడా "ఫాలోఅప్‌కి సమయానికి రాలేదు" అని ఉంది.

ఆ డిశ్చార్జ్ నాకు గుర్తుంది, అంటే ఆమె ముఖం కాదు, ఆ రోజు తొందర గుర్తుంది. స్కీమ్ కింద డిశ్చార్జ్ అంటే ఫోటో, సంతకాలు, మందుల బ్యాగ్, ఆ రోజు నాకు ఐదు డిశ్చార్జ్‌లు, మూడు కొత్త అడ్మిషన్లు. కొడుకు బెంగళూరులో పని, తల్లిని తీసుకుపోవడానికి రాత్రి బస్సులో వచ్చాడు, మధ్యాహ్నం బస్సు అందుకోవాలని నిలబడే ఉన్నాడు. ప్యాంటు చొక్కా వేసుకున్న పిల్లవాడు, చదువుకున్నవాడు, అతనికి చెప్తే చాలనుకున్నా. గబగబా నాలుగు నిమిషాల్లో చెప్పా. "అర్థమైందా?" అన్నా. "అయింది మేడం" అన్నాడు. అతను మర్నాడే బెంగళూరు వెళ్లిపోయాడు. సూది వేసే కోడలు ఆ రోజు వార్డులోనే లేదు, ఆవుల దగ్గర ఉంది.

"అర్థమైందా" అనే ప్రశ్న గురించి కొంచెం ఆగి చెప్పాలి. పదమూడేళ్లలో ఆ ప్రశ్నకి లేదు అన్న పేషెంట్‌ని నేను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన దగ్గర తెల్లకోటు ముందు, యూనిఫాం ముందు అర్థం కాలేదు అనడం మర్యాద కాదనుకుంటారు, మేం విసుక్కుంటామని భయం కూడా, విసుక్కుంటాం కూడా. ఆ ప్రశ్న అడగడం వల్ల నా గడిలో టిక్ పడుతుంది, ఇంకేం జరగదు.

వార్డులో మేం మార్చినవి

ఈ కేసు మా సార్ మీటింగ్‌లో పెట్టారు. ఎవరి తప్పు అని మొదలవుతుందని భయపడ్డా, ఆయన అట్లా పోనివ్వలేదు, సిరంజిలు రెండూ టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కరినీ తేడా చెప్పమన్నారు. గదిలో ఉన్న వాళ్లలో కొందరు డాక్టర్లు కూడా తడుముకున్నారు.

మొదటగా మార్చింది ఎవరికి చెప్పాలి అనేది. అడ్మిట్ అయిన రోజే అడుగుతున్నాం, ఇంట్లో సూది వేసేది ఎవరు, వండేది ఎవరు అని. వాళ్లని డిశ్చార్జ్‌కి ముందు రోజు రమ్మంటున్నాం, డిశ్చార్జ్ రోజు కాదు, ఆ రోజు అందరి మనసూ బస్సు మీద ఉంటుంది. రాలేకపోతే వీడియో కాల్, కోడలో కూతురో ఫోన్లో చూస్తా ఉంటే పేషెంట్ చేతే చేయిస్తాం.

రెండోది, అర్థమైందా అని అడగడం మానేశాం. దానికి బదులు, "నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి, ఇంటికి పోయాక ఏం చేస్తారో ఒకసారి మీ మాటల్లో చెప్పండి" అంటాం. ఇది మేం కనిపెట్టింది కాదు, టీచ్ బ్యాక్ అని నర్సింగ్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, నేను చదువుకునేటప్పుడు పరీక్షలో రాశా కూడా. పరీక్ష మాకు, వాళ్లకి కాదు అనేలా అడగాలి, అదే అందులో కీలకం. ఇన్సులిన్ అయితే చెప్పడం కూడా చాలదు, సూది పట్టుకుని చేసి చూపించాలి, వాళ్లు ఇంట్లో వాడే సిరంజితోనే, మా ట్రేలో ఉన్నదానితో కాదు.

మూడోది నాకు చాలా ఇష్టమైంది. మందు టైం చెప్పకముందు "పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తారో చెప్పండి" అని అడుగుతాం. పాలు ఎప్పుడు పితుకుతారు, మొదటి ముద్ద ఎప్పుడు, టీలో చక్కెర ఉందా, ఏ వారం ఒక్కపొద్దు, రంజాన్‌కి ఉపవాసం ఉంటారా. అది విన్నాక సూదిని వాళ్ల రోజులో ఎక్కడ పెట్టాలో డాక్టర్‌తో కలిసి చూస్తాం, ఉపవాసం రోజు డోసు ఎంతో ముందే డాక్టర్ రాసిస్తారు. కార్డు మీద గడియారం బొమ్మ తీసేశాం, సంగటి ముద్ద బొమ్మ పెట్టాం, దాని ముందు సూది, సూదికి ఎర్ర మూత. ఇంకో వైపు వణుకు, చెమట, తికమక మాట, ఇవి వస్తే మనిషి మెలకువగా మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి, పావుగంటకి తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 అని. "పూనకం లాగా ఉన్నా సరే" అని కూడా రాశాం, ఆ మాట పెట్టమన్నది కోడలే.

నంబర్ పక్కన ఇంగ్లిష్ అక్షరం యూ రాయడం కూడా మానేయమని డాక్టర్లని అడిగాం, 10 పక్కన ఆ అక్షరం తొందరలో రాస్తే సున్నా లాగా కనపడి 100 అని చదివే ప్రమాదం ఉంది, యూనిట్లు అని తెలుగులో మొత్తం రాయాలి.

రౌండ్స్‌లో మా సార్ ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నారు. ఇంగ్లిష్‌లో ఎంత మాట్లాడుకున్నా ఆ బెడ్డు వదిలే ముందు పేషెంట్ వైపు తిరిగి తెలుగులో రెండు మాటలు చెప్తారు, ఆ తర్వాత "మీకు దేనికి భయంగా ఉంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి వచ్చే జవాబులు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక తాత తనకి ఎక్కిస్తున్న సెలైన్ బిల్లుకి ఆవు అమ్మాల్సి వస్తుందేమో అని రెండు రోజులు నిద్రపోలేదు, అతనిది పూర్తిగా స్కీమ్ కేసు, రూపాయి కట్టే పని లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ స్కీమ్ గురించి మా హాల్లో పెద్ద బోర్డే ఉంది. బోర్డు చదవలేని మనిషికి బోర్డు ఉన్నా ఒకటే.

ఇవన్నీ దయ చూపించే పనులు అనుకుంటే పొరపాటు. పేషెంట్‌కి అర్థమయ్యే భాషలో చెప్పించుకునే హక్కు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన పేషెంట్ల హక్కుల చార్టర్‌లో సమాచారం పొందే హక్కు మొదట్లోనే ఉంటుంది. సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పులో చికిత్సకి ఒప్పుకోవడం అంటే తగినంత వివరం తెలుసుకుని ఒప్పుకోవడం అని స్పష్టంగా చెప్పింది. ఎంబీబీఎస్ పిల్లలకి 2019 నుంచి పేషెంట్‌తో ఎట్లా మాట్లాడాలో సిలబస్‌లోనే పెట్టారు. మా వార్డుకి వచ్చే హౌస్ సర్జన్లలో ఆ తేడా నాకు కనపడుతోంది, స్టూల్ లాక్కుని కూర్చుని మాట్లాడే పిల్లలు ముందుకంటే ఎక్కువయ్యారు.

ఇంకా కుదరనివి

అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధం అవుతుంది. ఒక్క పేషెంట్‌కి ఇదంతా చేయాలంటే పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికి ఇద్దరం ఉన్నప్పుడు ఆ పదిహేను నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి. ఆదివారం డిశ్చార్జ్‌లు ఇప్పటికీ పాత పద్ధతిలోనే జరిగిపోతున్నాయి. సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకి తెలుగు వినపడితే తల ఊపుతాడు, మాట మాత్రం అరవం, మా తెలుగు కార్డు ఆయనకి బొమ్మల పుస్తకమే. చివరికి మా ఆయమ్మ ఒకామెకి అరవం వస్తుందని తెలిసి ఆమెతో చెప్పించాం, ఆమె మా అందరికంటే బాగా చెప్పింది, చీపురు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఇంకొకటి, శ్రీకాళహస్తి అవ్వ సంగతి నన్ను వదలడం లేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఆ ఇంటికి చేరిన సరైన విషయాలు రెండే, ముంత, దొర్లించడం. రెండూ పక్క బెడ్డు నుంచే. తీరిగ్గా, తన భాషలో, తన ఇంటి సామానుతో చెప్పింది కాబట్టి నిలిచింది. అందుకే పాత ఇన్సులిన్ పేషెంట్ ఎవరైనా వార్డులో ఉంటే, వాళ్లకి ఇష్టమైతే, కొత్తగా మొదలుపెట్టిన వాళ్లని పక్క బెడ్డులో వేస్తున్నాం. సిరంజి రంగు మాత్రం మేమే చూస్తాం, ఆ అవ్వకి కూడా రెండు రకాలున్నాయని తెలియదు, ఆమెకి వాళ్ల ఊరి షాపులో ఎప్పుడూ ఎర్ర మూతే ఇచ్చారు.

ఫాలోఅప్

రెండో అడ్మిషన్ నాలుగు రోజులు. డాక్టర్ డోసు మళ్లీ మొదటి నుంచి చూసి సరైన సిరంజితో పొద్దున 18, రాత్రి 8 యూనిట్లు పెట్టారు, సూది పదింటికి, సంగటి పదిన్నరకి. ఆరెంజ్ మూత సిరంజిలు రెండూ కోడలే తెచ్చి నా చేతికి ఇచ్చింది, అవి ఇప్పుడు మా డ్యూటీ రూంలో ఒక కార్డుకి అతికించి ఉన్నాయి, కొత్త సిస్టర్ ఎవరొచ్చినా మొదటి రోజు అవే చూపిస్తా. కాలు గురించి సార్ స్వయంగా చెప్పారు, మంచం అంచున కూర్చుని, "కాలు తీసే పని లేదమ్మా, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు" అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాతే సూది గురించి మాట్లాడాం, ఆ రోజు ఆమె ఎన్నో ప్రశ్నలు అడిగింది, ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కటి కూడా అడగలేదు. పుండు ఇంకో ఏడు వారాలకి పూర్తిగా మానింది.

పెరటాసిలో ఇంకో శనివారం మిగిలి ఉంది. ఒక్కపొద్దు మానేయమని ఒక సిస్టర్ అంటే ఆమె ముఖం ముడుచుకుంది. మానమని మేం అడగం, ఎట్లా కుదురుతుందో నువ్వే చెప్పు పెద్దమ్మా అన్నా. కాసేపు ఆలోచించి, "తలిగ మధ్యాన్నానికే వేయాలని స్వామి చెప్పినాడా ఏమన్నా. చుట్టాలు వచ్చేదాకా ఆగతాం గానీ. పొద్దున్నే వేసుకుంటాం, వేసుకోని ఉప్పిండి తింటా, అన్నం ముట్టను" అంది. సార్ ఆ టైంకి, ఆ తిండికి సరిపోయేలా డోసు రాసిచ్చారు.

ఆ శనివారం నేను డ్యూటీలో లేను, ఇంట్లో ఉన్నా. పదిన్నరకి ఫోన్ మోగింది. వెనకాల గోవింద నామాలు వినపడతా ఉన్నాయి. "పాపా, తలిగ అయింది. ఎర్ర మూత సూది ఏసినాది కోడలు. ఉప్పిండి తింటా ఉండా, నువ్వు తిన్నావా?"